ఆపరేషన్ అచ్చు

డెంటిస్టు క్లినిక్‌లో పదిహేడో నంబర్‌ని మూడుసార్లు పిలిచారు. పదిహేడో నంబర్ పలకలేదు.

కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒళ్ళో పాత పత్రిక తెరిచి పెట్టుకుని, ఎవరికీ ఇబ్బంది కలగకుండా చచ్చిపోయి ఉన్నాడు. వయసు ముప్పై ఒకటి. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని కొరియర్ అనేవారు. అతనికి పంటినొప్పి లేదు. పై దవడలో ఒక డొల్ల పన్ను, దాంట్లో గోరంత మెమరీ కార్డు ఉన్నాయి. లోపల గదిలో ఉన్న డెంటిస్టు మన మనిషే. మధ్యలో మిగిలింది పదిహేను అడుగులు.

రిసెప్షనిస్టు చెప్పిన సాక్ష్యం ఇది: నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒక అందమైన ఆవిడ వచ్చి అతని పక్కన కూర్చుంది. ఫారం నింపడానికి పెన్ను అడిగింది. ఫారాన్ని చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని ఏదో గీకింది. పెన్ను తిరిగిస్తుంటే మొన అతని అరచేతిలో గుచ్చుకుంది. "అయ్యో, సారీ బాబూ" అని, ఫారం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

పిన్ని ఆ రిపోర్టు రెండుసార్లు చదివి టేబుల్ మీద పెట్టింది.

"చంపింది ఎవరు సార్?"

"మేడమ్" అన్నాడు పెద్దసారు.

"మేడమ్ మన మనిషి కదా?"

"ఇప్పటికీ మన మనిషే. ఆవిడ దూరిన ముఠాకి, ఆ రింగ్ వాళ్ళకి, ఆవిడ మీద అనుమానం వచ్చింది. నిజంగా మా మనిషివైతే వాళ్ళ వాణ్ణి ఒకణ్ణి చంపి చూపించు అన్నారు. చూపించింది. తప్పలేదు."

 పిన్నికి ఆ పేరు రావడానికి కారణం కొరియరే. సొంత అక్క కొడుకు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నలుగురిలో "పిన్నీ" అని కేకేశాడు. అప్పటినుంచి ప్యూన్ మొదలుకొని పెద్దసారు దాకా అందరికీ ఆవిడ పిన్నే. ఈ సంగతి పెద్దసారుకి తెలియక కాదు. తెలిసీ ఈ కేసు ఆవిడకే ఇచ్చాడు.

"ఏడవాలంటే ఆదివారం ఏడువు పిన్నీ. ఇవాళ బుధవారం" అన్నాడాయన. "డెంటిస్టు పన్ను పీకి కార్డు తెచ్చాడు. వచ్చే నెల మూడో తారీఖు, మధ్యాహ్నం పన్నెండింటికి నలభై ఆసుపత్రుల్లో ఆక్సిజన్ వాల్వులు ఒకేసారి మూసుకుంటాయి. ఒక్కో ఆసుపత్రికి రింగ్ వాళ్ళు ఒక్కో చిన్న మెషిన్ నడుపుతారు. నలభై మెషిన్లూ ఒకే టెంప్లేట్‌లోంచి, అంటే ఒకే అచ్చులోంచి తీస్తారు. ఆ టెంప్లేట్ ఎక్కడ తయారవుతోందో తెలుసా? ఒక ఇంట్లో. స్టోర్‌రూమ్‌లో."

"పగలగొట్టేస్తే పోదా?"

"అచ్చు పగలగొడితే ఇంకో అచ్చు చేయించుకుంటారు. ఆ నలభై ఆసుపత్రులూ ఏవో కూడా మనకి తెలీదు. పగలగొట్టడం కాదు, అచ్చులోనే దూరాలి."

*

ఆ ఇల్లు మాస్టారిది. కంప్యూటర్లు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకి రెండే కష్టాలు: చెప్పడానికి శిష్యులు లేరు, వినడానికి భార్యకి ఓపిక లేదు. కాబట్టి జరీ చీర, చేతిసంచీ, నోట్‌బుక్కుతో ఒకావిడ వచ్చి "మాస్టారూ, నాకూ సర్వర్ అంటే ఏంటో నేర్చుకోవాలని ఉంది" అనగానే ఆయన కళ్ళు చెమర్చాయి. పిన్ని మారువేషాలన్నిటిలోకీ ఇంత తేలిగ్గా పనిచేసింది మరొకటి లేదు.

స్టోర్‌రూమ్‌లో పాత సూట్‌కేసుల పక్కన ఆ సర్వర్ రొదపెడుతూ ఉండేది. దాని వెనకనుంచి వేడిగాలి వస్తుంది కనక మాస్టారి భార్య అక్కడ తడి సాక్సులు ఆరేసేది. ఆరేస్తున్నంతసేపూ తిట్టేది.

"ఆ పెట్టె ఆపుతారా లేదా?"

"ఇదిగో, ఆపుతున్నా" అనేవారు మాస్టారు. ఆపేవారు కాదు.

"వర్చువల్ మెషిన్ అంటే విడిగా కట్టుకున్న ఇల్లమ్మా. గోడలూ తనవే, పునాదీ తనదే. కంటైనర్ అంటే ఒకే ఇంట్లో అద్దె వాటా. పునాది అందరిదీ ఒకటే, తలుపు మాత్రం ఎవరిది వాళ్ళది. ఏదైనా సరే, ప్రతిసారీ మొదట్నుంచీ కట్టుకుంటూ కూర్చుంటే ముసలాళ్ళమైపోతాం. ఒక్కటి శుభ్రంగా కట్టి, అచ్చుగా మార్చేసి దాచుకోవాలి. ఇటుకల అచ్చు లాగా. కావలసినన్ని తీసుకోవచ్చు."

"మరి అన్నీ ఒకేలా ఉంటే గొడవ రాదూ?"

మాస్టారు మురిసిపోయారు. "అదీ ప్రశ్న! తల్లి పుట్టుమచ్చలు పిల్లలకి రాకూడదు. మెషిన్ నంబరు, తాళాలు, పాత లాగ్ రికార్డులు అన్నీ తుడిచేశాకే అచ్చు వెయ్యాలి." గోడకి అంటించిన కాగితం చూపించారు. పది లైన్లు. "ఈ పదీ తుడవకుండా నేను అచ్చు వేసిన పాపాన పోలేదు."

"మరి ఇదేంటి మాస్టారూ?" స్క్రీన్ మీద ఒక పొడుగాటి లైను దగ్గర పిన్ని వేలు ఆగింది.

"అదా..." ఆయన కాస్త సిగ్గుపడ్డారు. "అది నా తాళం. దాని చెవి ఈ కంప్యూటర్‌లో ఉంది. రేపు పిల్లల్లో ఎవరికైనా జబ్బు చేస్తే లోపలికెళ్ళి చూడాలి కదమ్మా. కంపెనీ వాళ్ళకి చెప్పలేదనుకో."

"లిస్టులో రాయలేదేం?"

"అది తుడవాల్సిన వాటి లిస్టు. ఇది తుడిచేది కాదుగా!"

పాపం, ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దిన మనిషి. ఆ లైను చివర తన పేరు కూడా ఉంది. పేరు మార్చినా తాళం పనిచేస్తుందనీ, అది ఊరికే ఎవరిదో గుర్తుండటానికేననీ ఆయనే చెప్పారు. చెవికి పాస్‌వర్డ్ ఉందా అని అడిగితే నవ్వారు.

"మర్చిపోదామన్నా మర్చిపోలేనిది పెట్టుకోవాలమ్మా. నాది రోజుకి నలభైసార్లు వింటాను."

తనకి టెంప్లేట్లు చేయించుకుంటున్నది మంచి కుర్రాళ్ళ కంపెనీ అని ఆయన నమ్మకం. వారం వారం, పిన్ని వెళ్ళిపోయాక, మేడమ్ వచ్చి తీసుకెళ్తుంది. "చదువుకున్న మనిషి" అనేవారు. "మర్యాద తెలిసిన మనిషి."

ఆ రోజు సాయంత్రం పిన్ని ఫోన్‌లో పెద్దసారుకి అంతా చెప్పింది. ఆయన చాలాసేపు నవ్వాడు.

"అదృష్టం అంటే ఇదే. ఆయన తాళంచెవి కాపీ చేసుకురా. పన్నెండు లోపల ముప్పై తొమ్మిది మెషిన్లు ఆపెయ్. నలభయ్యోది వాల్వు దగ్గరికి పోకుండా కట్టేసి, నడుస్తున్నట్టే వదిలెయ్."

"వదిలెయ్యడం ఎందుకు?"

"రింగ్ వాళ్ళు విప్పి చూసుకోవాలి కదా. మోసం ఎవరు చేశారో తెలియకపోతే మేడమ్‌ని పట్టుకుంటారు. లైను చివర మాస్టారి పేరు కనిపిస్తే ఆవిడ సేఫ్."

"మాస్టారు?"

"ఎవరో ఒకరి పేరు ఉండాలి కదా పిన్నీ" అన్నాడు పెద్దసారు, పెళ్ళి పత్రిక గురించి మాట్లాడుతున్నంత మామూలుగా.

*

మూడో తారీఖు. పదిన్నర. పిన్ని ఆ తాళంచెవిని కళ్ళజోడు పెట్టెలో దాచిన పెన్‌డ్రైవ్‌లోకి అప్పటికే దించుకుంది. లైను చివర పేరు చెరిపేసి ఖాళీగా వదిలెయ్యాలని రాత్రే అనుకుంది. ఖాళీగా ఉంటే రింగ్ ఎవర్నైనా అనుమానించుకోనీ. ఆ ముసలాయన రక్తం మాత్రం తన చేతికి వద్దు.

మేడమ్ వచ్చింది. నల్లకళ్ళద్దాలు, లేత రంగు కోటు, నలభై అయిదేళ్ళని ఎవరూ నమ్మని మొహం. స్టోర్‌రూమ్ అంతా సెంటు వాసన నిండిపోయింది.

"మీ గోడ గడియారం అయిదు నిమిషాలు ముందుందే" అంది.

"గడియారం సరిగ్గానే ఉంది, ఊరే వెనకబడింది" అంది పిన్ని.

కోడ్ కలిసింది. అంతలో లోపల్నుంచి కిటికీ రెక్క పట్టేసిందని మాస్టారి భార్య కేక వినిపించింది. మాస్టారు వెళ్ళారు.

"మూడు వారాలు ఈ రొదలో ఎలా కూర్చున్నారండీ?" అంది మేడమ్.

"అలవాటైంది. క్లినిక్‌లో మీకు కష్టమైందా?"

"అబ్బే, ఏం లేదు. అసలు చంపడం దేనికి, కాస్త బెదిరించి వదిలేస్తే చాలు అన్నారు రింగ్ వాళ్ళు. నేనే, పని పూర్తిగా చేస్తే మళ్ళీ అడగరు కదా అనుకున్నా." సాక్సుల కేసి చూసి మొహం చిట్లించింది. "కుర్రాడు పాపం, నేను మార్చి ఇచ్చిన విషం పెన్ను మొన గుచ్చుకుంటే, 'పర్లేదు పిన్నిగారూ' అన్నాడు. నన్ను పిన్నీ అంటాడేంటండీ! నేనంత పెద్దదానిలా ఉన్నానా?"

పిన్నికి చెవుల్లో సర్వర్ రొద ఆగిపోయింది. వాడు ఎవరైనా మంచిగా కనిపిస్తే పిన్నిగారూ అనేస్తాడు. చిన్నప్పట్నుంచీ అంతే. వాడి చివరి మాట ఈ మనిషికి వెటకారమైంది.

"లేదండీ" అంది పిన్ని. "మీరు ముప్పై దాటినట్టే లేరు."

మేడమ్ సంతోషపడి, ఫోన్ మాట్లాడటానికి హాల్లోకి వెళ్ళింది. పిన్నికి నిమిషమున్నర దొరికింది. లైను చివర మాస్టారి పేరు చెరిపింది. ఖాళీగా వదల్లేదు. రింగ్‌లో మేడమ్ కోడ్‌నేమ్ 'మంచు'. ఆ రెండక్షరాలూ కొట్టి సేవ్ చేసింది.  మూడు వారాల్లో మొదటిసారి ఆవిడకి ఆకలి వేసింది.

మాస్టారు తిరిగొచ్చి పది లైన్లూ చదివి, పదీ తుడిచి టిక్కులు పెట్టారు. "ఇక నొక్కితే అచ్చు అయిపోతుంది. తర్వాత నేను కూడా మార్చలేను."

"ఒక్క నిమిషం." మేడమ్ పిన్ని చెవి దగ్గరికి వంగింది. "ఆ లైను చివర ఆయన పేరు ఉంది కదా? నా ప్రాణం దాని మీదే ఉంది."

పిన్ని స్క్రీన్ ఆవిడ వైపు తిప్పింది. "మీరే చూసుకోండి."

మేడమ్ తల వెనక్కి జరిపింది. మళ్ళీ ముందుకి జరిపింది. చీమ తలకాయంత అక్షరాలు. చదవాలంటే నల్లకళ్ళద్దాలు తీసి, సంచీలోంచి ఇంకో జోడు తీసి పెట్టుకోవాలి. ఇద్దరు మనుషుల ముందు ముక్కు మీద చత్వారపు కళ్ళజోడు! డెంటిస్టు దగ్గర ఫారాన్ని చెయ్యి చాపి పట్టుకున్న మనిషి ఆ పని చెయ్యదని పిన్నికి తెలుసు; ఆవిడకి చత్వారమని రిపోర్టు చదివిన రోజే కనిపెట్టింది.

"సరే, ఉంది" అంది మేడమ్.

మాస్టారు బటన్ నొక్కారు.

*

పదకొండూ యాభై ఎనిమిది. డిపార్ట్‌మెంట్ కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ మీద పచ్చ దీపాలు వెలిగాయి. ఒకటి, ఆరు, పంతొమ్మిది, నలభై. పిన్ని కాపీ చేసిన తాళంచెవి పెట్టింది. పాస్‌వర్డ్ అడిగింది.

మాస్టారి పేరు కొట్టింది. కాదంది. భార్య పేరు కొట్టింది. కాదంది.

"నలభై సెకన్లు" అన్నాడు పెద్దసారు. ఆయన నుదుటి మీద చెమట చూడటం పిన్నికి అదే మొదలు.

రోజుకి నలభైసార్లు వింటాను. మర్చిపోదామన్నా మర్చిపోలేను. పిన్ని కళ్ళు మూసుకుంది. వేడిగాలి, తడి సాక్సులు, ఒక కేక.

'ఆ పెట్టె ఆపుతారా లేదా.'

తలుపు తెరుచుకుంది. నలభై మెషిన్లకి ఒకే తలుపు. తాళంచెవితో పాటు తయారుగా ఉంచిన కమాండ్ వదిలింది. దీపాలు టపటపా ఆరిపోయాయి. పన్నెండు కావడానికి ఒక్క సెకను ఉండగా చివరికి ఒక్కటే మిగిలింది, కాళ్ళూ చేతులూ కట్టేసి. నలభై ఊళ్ళలో రోగులు ఎప్పట్లాగే ఊపిరి పీల్చుకున్నారు, నర్సుల మీద విసుక్కున్నారు.

మాస్టారికి కంపెనీ నుంచి మళ్ళీ కబురు రాలేదు. అమాయకుడని రింగ్ వాళ్ళు వదిలేశారు. సర్వర్ ఆపాల్సి వచ్చింది. సాక్సులు ఆరడం లేదని ఆయన భార్య ఇప్పుడు దానికి తిడుతోంది.

మేడమ్ నాలుగో రోజు పొద్దున ఒక పార్కు బెంచీ మీద దొరికింది. నిటారుగా కూర్చుని, ఒళ్ళో పత్రికతో. రింగ్ వాళ్ళకి కూడా పద్ధతులు మార్చే ఓపిక లేదు. నల్లకళ్ళద్దాలు మాత్రం చెక్కుచెదరలేదు.

పెద్దసారు పిన్నిని పిలిచాడు. టేబుల్ మీద లేత రంగు కోటు, కొత్త పాస్‌పోర్టు, చిన్న కళ్ళజోడు పెట్టె ఉన్నాయి.

"నలభయ్యో మెషిన్ నేనూ విప్పి చూశాను" అన్నాడు.

పిన్ని చూపు దించలేదు. "ఎవరో ఒకరి పేరు ఉండాలి కదా సార్."

"అవును. ఉండాలి." ఆయన కోటు ఆవిడ వైపు జరిపాడు. "సముద్రం అవతల ఇంకో రింగ్ ఉంది. దాంట్లో మనకి మనిషి కావాలి. కొత్తగా ఎవర్నో తయారుచేసే టైము లేదు. పాత మనిషి ఫైలు, నడక, కోటు అన్నీ ఉన్నాయి. పేరు మార్చి నిన్ను దింపుతున్నాను."

"వాళ్ళకి అనుమానం వస్తే?"

"ఎవర్నో ఒకర్ని చంపి చూపిస్తావు. తప్పదు."

పిన్ని పెట్టె తెరిచింది. నల్లకళ్ళద్దాలు. పెట్టుకుని చూస్తే, టేబుల్‌కి అవతల ఉన్న పెద్దసారు మసకబారాడు. చేతిలో ఉన్న పాస్‌పోర్టు మీద చీమ తలకాయంత అక్షరాలు మాత్రం స్పష్టంగా కనిపించాయి.

"ఈసారి చత్వారం పవర్ కూడా వేయించాను" అన్నాడు పెద్దసారు.