మైసూరుకు వెళ్లిన కజ్జికాయలు

ఆ మెయిల్ వచ్చేసరికి శ్రీవాసవి చేతిలో ఎలుక ఉంది. అప్పుడే నీళ్లలోంచి తీసిన తెల్ల ఎలుక. దాన్ని తువ్వాలులో చుట్టి పట్టుకుని, రెండో చేత్తో కంప్యూటర్ మీట నొక్కింది. మెయిల్ చదివి చిన్న కేక వేసింది. ఎలుక కూడా కీచుమంది.

మూడేళ్ల కిందట ఆమె రాసిన పరిశోధన పేపర్‌ను మైసూరు ప్రొఫెసర్ ఒకాయన తన పేపర్‌లో ప్రస్తావించాడట. మొట్టమొదటి సైటేషన్!

సరస్వతి ఆకు రసం తాగిన ఎలుకలు నీళ్లతొట్టిలో దాచిన పీటను తొందరగా గుర్తుపడతాయని ఆమె తేల్చింది. తేల్చి ఏం లాభం? మెదడు మందుల మీద పనిచేసేవాళ్ల లోకంలో నలుగురూ ఎత్తని పేరు లేనట్టే లెక్క. అందుకే విసిగిపోయి, "ఈ ఎండాకాలం లోపల ఒక్కరైనా నా పేరెత్తకపోతే కర్నూలు ల్యాబ్ వదిలేసి రాజంపేటకు వచ్చేస్తా అత్తమ్మా" అని పెళ్లయిన వారానికే మాటిచ్చేసింది.

రాజంపేటలో కిరాణా అంగడిలో ఉన్న మొగుడికి వెంటనే ఫోన్ చేసింది.

"ఏమండీ, నాకు సైటేషన్ వచ్చింది!"

"అయ్యో! జ్వరం గూడా ఉండాదా?"

"రోగం కాదండీ బాబూ! ఇంకో సైంటిస్టు తన పేపర్లో నా పేరు రాశాడు."

"మగాయనా?" మురళి గొంతు మారింది.

"డాక్టర్ మహానంది. అరవై ఏళ్లుంటాయి."

"అట్లయితే సరే. అంటే మన సరుకు బాగుండాదని ఒకాయన ఊరుగాని ఊర్లో చెప్పినాడన్నమాట. అడ్రస్ చెప్పు."

"ఎందుకు?"

"ఊరికే. నా పెండ్లాం పేరు యాడిదాకా పోయిందో చూసుకుంటా."

అడ్రస్ చెప్పి ఫోన్ పెట్టేశాక కూడా ఆమె చెవి వెచ్చగానే ఉంది.

రెండు రోజులకు మహానంది పేపర్ మొత్తం చేతికొచ్చింది. నిలబడి చదవడం మొదలుపెట్టిన వాసవి మధ్యలోనే కూలబడింది. ఆమె చెప్పిన ఫలితం తమకు రాలేదని రాశాడాయన. మైసూరు ఎలుకలు పీటను ఎప్పటిలాగే మరిచిపోయాయట.

శనివారం సాయంత్రం మురళి కర్నూలు బస్సు దిగేసరికి ఎండాకాలపు వాన దంచింది. గదిలోకొచ్చి తల తుడుచుకుంటూ ఆమె ముఖం చూశాడు.

"ఏమైంది? ఎలుక కరిచిందా?"

"మహానంది కరిచాడు. నాది తప్పని చెప్పడానికే నా పేరు రాశాడు."

మురళి చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"వాసవీ... నేనొక పని చేసినా. తిట్టగూడదు."

"ఏం చేశారు?"

"మన అంగడిని ఎవరన్నా మెచ్చుకుంటే మిఠాయి పంపడం మా నాయన కాలం నుంచి ఉండాది గదా. అమ్మతో కజ్జికాయలు చేపించి ఆయనకు కొరియర్ చేసినా. 'మా శ్రీవాసవిని మెచ్చుకున్నందుకు' అని చీటీ గూడా పెట్టినా."

"తప్పన్నాయనకు కజ్జికాయలా!"

ఏడవాలో నవ్వాలో తెలియక ఆమె దిండు విసిరింది. దాన్ని పట్టుకుని అతను పక్కన కూర్చున్నాడు.

"ఇంక ల్యాబ్ ఎందుకులెండి," అంది వాసవి. "మీతోపాటు వచ్చేస్తా."

"నువ్వు ఎప్పుడొస్తావా అని రోజూ ఎదురుచూస్తాండా. కానీ ఇట్లా మొగం వేలాడేసుకుని రావద్దు. పెండ్లిచూపుల్లో ఎలుకలు ఎట్లా ఈదుతాయో చేతులు తిప్పి తిప్పి చెప్తివే, మా వాళ్లంతా నోరు తెరిచిరి. నేను మనసు పడింది ఆ పిల్ల మీద. ఆ పిల్లను ఈడ వదిలేసి వస్తే నాకేం లాభం?"

వాసవి తల దించుకుంది. అంతలో మురళి ఫోన్ మోగింది. పార్సెల్ మీద అతను రాసింది ఆ నంబరే. మైసూరు నుంచని తెలిసి ఫోన్ వాసవికిచ్చాడు.

"ఏమ్మా, ఈ కజ్జికాయలు నీవేనా?" మహానంది గొంతు. "నాది నంద్యాల పక్కనేలే. ముప్పై ఏండ్లుగా మన సైంటిస్టులం ఒకరి తప్పులు ఒకరం రాసుకుంటాండాం. తిట్టినోళ్లు శానామంది. మిఠాయి పంపింది నువ్వొక్కదానివే."

"సార్, అది మా ఆయన..."

"సిగ్గేసి నీ పేపర్ మొదటినుంచి మళ్లా చదివినా. నువ్వు పచ్చి ఆకు రసం పోసినావు. మా పిల్లోళ్లు ఎండు పొడి కలిపినారు. ఎవరిది ఒప్పో నాకూ తెలీదు. ఇద్దరం కలిసి మళ్లా చేద్దామా? ఏడాది పని."

ఫోన్‌కు చెవి ఆనించిన మురళి, ఆమె అడగకముందే తలూపాడు.

"చేద్దాం సార్!"

ఆ ఉత్సాహం ఫోన్ పెట్టేదాకానే. అత్తగారికి చెప్పాలిగా! మురళి ఇంటికి ఫోన్ కలిపి సంగతంతా చెప్పి, స్పీకర్ పెట్టాడు. అవతల రాజ్యలక్ష్మమ్మ అంతా విని గొంతు సవరించుకుంది. వాసవి అతని వేళ్లు గట్టిగా పట్టుకుంది.

"అమ్మాయ్, పీట కనపడకుండా ఎలుకల నీళ్లలో పాలపొడి కలుపుతారంట. నిజమేనా?"

"నిజమే అత్తమ్మా. మరి నేను మీకిచ్చిన మాట..."

"ఒక్కరు పేరెత్తితే చాలంటివి గదా! తిట్టినా ఎత్తినట్టే. నువ్వు ఏడాది రాకుంటే నాకేం కాళ్లు లేవా? రేపు పొద్దున మొదటి బస్సుకే వస్తాండా. ల్యాబ్ తాళం తీసిపెట్టు. ఆ ఎలుకల ఈత నేను చూడాల."

"అమ్మా, మాకు దొరికేదే ఒక్క ఆదివారం..." మురళి గొణిగాడు.

"నువ్వు పెందలాడే లేచి తొట్టికి నీళ్లు తోడు నాయనా. పాలపొడి నేను తెస్తాండా."