ఆయన్ని తుడవని డిస్కు

వాన పట్టిన మధ్యాహ్నం. చెక్క కోసే షెడ్డులో పొట్టు వాసన, తడి ఇనుము వాసన కలిసి గాలిలో తేలుతున్నాయి. పెద్ద మేస్త్రి భార్య కంప్యూటరు ముందు కూచుని, మొగుడు పోయాక మొదటిసారిగా చిన్నగా నవ్వింది. డిస్కు తయారవుతోంది మరి.

ఆ కంప్యూటరు సంగతి ముందు చెప్పాలి. మేస్త్రి దాన్ని నడపడానికి అందులో లినక్స్ పెట్టుకున్నాడు. కొని పెట్టుకునే మిగతావి అద్దె కొంపల్లాంటివి, మేకు కొట్టాలన్నా ఒకరిని అడగాలి. లినక్స్ సొంతిల్లు లాంటిది, గోడ పగలగొట్టి కిటికీ పెట్టుకున్నా ఎవరూ కాదనరు. ఆయన అక్కర్లేనివన్నీ పీకేశాడు. అక్షరాలు గుమ్మడికాయలంత చేశాడు. తెర మీద బొమ్మ గీస్తే చాలు, కోత మిషను అదే బొమ్మను చెక్కలో కోసిపెట్టేది. తెరవగానే ఆయన గొంతే పలికేది. "రండి, పని చూద్దాం."

చివరికి ఆ మిషనే ఆయన్ని మింగింది. ఇరుక్కున్న చెక్కముక్క తీద్దామని బల్ల మీదికి వంగాడట. కట్టరు తిరిగింది. మెడ దగ్గర మొదలుపెట్టి భుజం దాకా, కొలబద్ద పెట్టి గీసినట్టు కోసేసింది. పైకప్పు రేకుల మీదికి కూడా నెత్తురు చిమ్మింది. మిషను దానంతటదే కదిలిందని మరిది ఏడుస్తూ చెప్పాడు. అప్పుడు షెడ్డులో ఉన్నది అన్నదమ్ములిద్దరే.

ఆ తరవాత వీధిలో తలుపులు చేసే మేస్త్రి, చెక్కబొమ్మలు చేసే ఆవిడ సొంత చెల్లెలు, మా కోత మిషన్లకూ అలాంటి కంప్యూటరే కావాలని అడిగారు. మొత్తం అమరికను డిస్కులోకి ఎక్కించి వాళ్లకు ఇవ్వవచ్చు. ఆ విద్య మొగుడే ఆవిడకు నేర్పాడు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాడు.

"చూడవే, ఇంటిని పంచవచ్చు, ఇంట్లో మనిషిని పంచకూడదు. డిస్కు చేసేముందు కంప్యూటర్లో నా పేరు మీదున్న గదిని, అదే నా ఫైళ్లుండే చోటుని, తుడిచెయ్. నా బొమ్మలు, నా గొంతు, నా తాళం, ఏదీ వెళ్లకూడదు."

ఆ గది ఆయన పోయిన రోజున తెరిచింది తెరిచినట్టే ఉంది. ఎవరూ మూయలేదు, మిషనూ నడపలేదు. తుడిచే చోట వేలు పెట్టి ఆవిడ చాలాసేపు ఆగిపోయింది. తుడిస్తే ఆ గొంతు కూడా పోతుంది కదా. పోనీలే, నాలుగు చోట్ల వినబడితే ఎవరికి నష్టం అనుకుంది.

తుడవకుండానే రెండు డిస్కులు చేసింది. ఒకటి చెల్లెలికి పంపింది. రెండోది పట్టుకుని మరిదితో కలిసి తలుపుల మేస్త్రి షెడ్డుకు వెళ్లింది.

డిస్కు ఎక్కింది. తెర వెలిగింది.

"రండి, పని చూద్దాం."

తలుపుల మేస్త్రి పడిపడి నవ్వాడు. "చూశావా అమ్మాయ్! పోయినవాడు పనికి రమ్మంటున్నాడు. బతికున్న నా కొడుకులిద్దరూ మాత్రం దుప్పట్లోంచి లేవరు!" అని, మరిది వైపు తిరిగి, "నువ్వే మొదలుపెట్టవయ్యా, మీ అన్న చలవ కదా" అన్నాడు.

మరిది చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మీ మిషను... మీరే నొక్కండి బాబాయ్."

బల్ల అంచున ఆకుపచ్చ బటన్ ఉంది. తలుపుల మేస్త్రి అరచెయ్యి చాచి నొక్కాడు.

కట్టరు లేచింది. చెక్క వైపు పోలేదు. పట్టాల మీద మెల్లగా, ఏదో వెతుక్కుంటున్నట్టు, అంచుదాకా వచ్చింది. బటన్ మీదున్న చేతిపైన ఆగింది.

దిగింది.

ఎముక విరిగిన చప్పుడు ఆవిడ పళ్లలో వినిపించింది. చేతిలో దిగిన కట్టరు ఆ మనిషిని బల్ల మీదికి ఈడ్చింది. ఆవిడ ఎర్ర బటన్ కొట్టింది. ఆగలేదు. కరెంటు తీగ పీకేసింది. ఆగలేదు... మెడ దగ్గర మొదలుపెట్టింది. భుజం దాకా వెళ్లింది. అప్పుడు ఆగింది.

ఆ గీత ఆవిడకు కొత్త కాదు. మొగుడి ఒంటి మీద తన చేతులతో కడిగిన గీత అది.

మొహం మీద పడ్డ వేడి నెత్తురు తుడుచుకోకుండానే మరిది వైపు తిరిగింది.

"నువ్వెందుకు నొక్కలేదు?"

"వదినా..."

"ఆయన పోయిన దగ్గర్నుంచి నువ్వు ఏ మిషను బటనూ ముట్టుకోవడం నేను చూడలేదు. ఎందుకు?"

మరిది కట్టరు వైపే చూస్తూ చెప్పాడు. "అన్నయ్య పనివాళ్లందరి ముందు నన్ను చేతకానివాడన్నాడు... వంగి ఉన్నాడు. చూశాను. చూస్తూనే... నొక్కాను."

తిట్టేలోపే ఆవిడకు చెల్లెలు గుర్తొచ్చింది. ఆ డిస్కు కూడా ఇదే డిస్కు. చెల్లెలి చెయ్యి కూడా చెయ్యే.

ఫోను చేస్తే మోగి మోగి ఆగింది. రంపం హోరులో చెల్లెలికి ఫోను వినబడదు. మరిది చొక్కా పట్టుకుని వానలో పరిగెత్తింది. వాడు పెనుగులాడాడు. వదల్లేదు. ఆయనకు కావలసింది ఈ చెయ్యే కదా... ఇదిస్తే ఊరుకుంటాడు కదా...

తలుపు తోసేసరికి ఆ గొంతు అప్పుడే పలికింది.

"రండి, పని చూద్దాం."

"అక్కా! బావ గొంతు వింటుంటే ఏడుపొస్తోందే" అంటూనే చెల్లెలు బటన్ నొక్కింది.

కట్టరు లేచింది. అంచు వైపు వస్తోంది. ఆవిడ చెల్లెల్ని జుట్టు పట్టి వెనక్కి విసిరేసింది. మరిది చేతిని రెండు చేతులా పట్టి, ఆ బటన్ మీద అదిమింది.

"వదినా, వద్దు... వదినా..."

ఆవిడ చేతులు సడలలేదు. కట్టరు దిగాక గాని వదల్లేదు. వాడు చివరిదాకా వదినా అనే పిలిచాడు. చెల్లెలు గోడకు కరుచుకుని మూలుగుతోంది. చెక్కబొమ్మల గుర్రాలు, చిలకలు అన్నీ ఎర్రబడ్డాయి.

అయిపోయింది అనుకుంది ఆవిడ. కావలసింది దక్కింది. ఇక పడుకుంటాడు.

కట్టరు పైకి లేచింది. మళ్లీ అంచుకు వచ్చింది. బటన్ మీద ఆగి, తిరుగుతూ, ఎదురు చూస్తోంది.

అప్పుడు ఆవిడకు అర్థమైంది. అది ఆయన కాదు. ఆయన నకలు. నకలుకు మొహాలు తెలియవు. తమ్ముడెవడో, మరదలెవరో తెలియదు. తెలిసింది ఒక్కటే... ఆకుపచ్చ బటన్ మీద చెయ్యి.

గొడ్డలితో ఆ కంప్యూటరును నలగ్గొట్టింది. తలుపుల షెడ్డులో దాన్నీ నలగ్గొట్టింది. రెండు డిస్కులూ పొయ్యిలో వేసి, నల్లగా ముడుచుకునేదాకా చూసింది. పోలీసులు వచ్చారు, పాత మిషన్లని తిట్టారు, వెళ్లారు. చెల్లెలు మాత్రం అక్క చేతుల వంక చూడటం మానేసింది.

కొన్నాళ్లకు ఆవిడ తమ షెడ్డు తాళం తీసి, ఆనాడు ఆగిన చోటే వేలు పెట్టి, ఆయన గదిని తుడిచేసింది. "రండి, ప..." అని గొంతు తెగిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి. గలగలా మాట్లాడే గొంతు.

"మేస్త్రి గారి భార్యేనా అమ్మా? మీ డిస్కు ఎంత బాగుందో! మా వీధిలో షెడ్లన్నిట్లో వేసుకుంటున్నాం."

"ఏ డిస్కు? నేనెవరికీ..." ఆవిడ ఫోను చెవికి అదుముకుంది. "ఎవరిచ్చారు మీకు?"

"మేస్త్రి గారేనమ్మా! నిన్న వానలో నడుచుకుంటూ వచ్చి పంచి వెళ్లారు. పాపం జలుబేమో, మెడ నుంచి భుజం దాకా తువ్వాలు గట్టిగా చుట్టుకున్నారు. కూచోమంటే, ఇంకా చాలా ఇళ్లున్నాయి అన్నారు. అది సరే గానీ, తెరవగానే ఆయన గొంతుతో వచ్చే ఆ మాటేంటమ్మా? మొగుడూ పెళ్లాల పరాచికమా?"

"ఏ... మాట?"

"ఉండండి, వినిపిస్తాను. మా ఆయన ఇప్పుడే బటన్ దగ్గర నుంచున్నారు."

చెక్క పొట్టు వాసన ఫోనులోంచి వచ్చినట్టయింది. దూరంగా, వానలో, ఆయన గొంతు.

"నన్నింతమందిని ఎందుకు చేశావే..."

ఆ వెనకే, టక్కుమని ఒక చిన్న చప్పుడు.