పెళ్లి వీడియోలో కొత్త ముఖం

చచ్చిపోయినవాడితో పోటీ పెట్టుకోకూడదు. వాడు ఎవరినీ కసురుకోడు, ఇంటికి ఆలస్యంగా రాడు, పిల్ల అడిగిన బొమ్మ కొనడం మరిచిపోడు. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే అతనికి ఈ సంగతి తెలియక కాదు. కానీ నాలుగేళ్ల పాప రోజూ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, వాళ్లమ్మ మొదటి పెళ్లి వీడియో పెట్టించుకుని, అందులో నవ్వుతున్న పెళ్లికొడుకును "నాన్న" అని వేలు పెట్టి చూపిస్తుంటే అతనికి కడుపు రగిలిపోయేది. ఆ పిల్లకు అన్నం తినిపించేది ఇతను. జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగేది ఇతను. అయినా ఇతను ఉత్త "అంకుల్".

పిలిచినప్పుడు పిలుస్తుందిలే, తొందరేముంది అనేది భార్య. ఆవిడ నర్సు. డ్యూటీలతో ఊపిరాడని మనిషికి ఇతని బాధ ఒక బాధలా కనిపించలేదు.

అందుకే ఆవిడకు చెప్పకుండా ఒక సాఫ్ట్‌వేర్ దింపుకున్నాడు. వీడియోలో ఒకరి ముఖం తీసేసి ఇంకొకరిది పెట్టేది. ఊరికే దొరుకుతుంది, ఎవరైనా వాడుకోవచ్చు. దాన్ని ఇన్‌స్టాల్ చేసేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తడం, మధ్యలో ఎర్రగా ఆగిపోవడం, మళ్లీ మొదటికి రావడం. ఎలాగో పట్టు చిక్కింది. పెళ్లి వీడియోలోంచి చనిపోయినవాడి ముఖాలన్నీ ఒక ఫోల్డర్‌లోకి లాగాడు. తను గోడ ముందు కూర్చుని, అటూ ఇటూ తిరిగి, నవ్వుతూ తీసుకున్న వీడియోలోంచి తన ముఖాలు ఇంకో ఫోల్డర్‌లోకి. ఆ రెండు ముఖాలనూ కంప్యూటర్ నేర్చుకోవాలి. నేర్చుకున్నాక పెళ్లికొడుకు చోట తనుంటాడు. పాత వీడియో చెరిపేస్తాడు. పాప ఇంకా చిన్నదే, మరిచిపోతుంది.

రోజుల తరబడి నేర్చుకుంది అది. ఎంతవరకు వచ్చిందో స్క్రీన్ మీద చిన్న చిన్న గళ్లలో కనిపించేది. ఎడమవైపు గళ్లలో పెళ్లికొడుకు తలకు ఇతని ముఖం. కుడివైపు గళ్లలో ఇతని తలకు పెళ్లికొడుకు ముఖం. ఆ రెండో వైపు ఇతనికి అక్కర్లేదు, కానీ దాని తీరే అంత, రెండు వైపులా నేర్చుకుంటుంది. ఎడమవైపు ముఖం ఇంకా అలుక్కుపోయినట్టు ఉండగానే కుడివైపుది కనురెప్పల వెంట్రుకలతో సహా తేలింది. ఫోల్డర్లు తారుమారు చేశానేమోనని తెరిచి చూశాడు. తన ఫోల్డర్‌లో అన్నీ తన బొమ్మలే. ఒక్కటి తప్ప.

అదే చారల చొక్కా. వెనక అదే గోడ. ముఖం మాత్రం పెళ్లికొడుకుది.

పగలంతా జనం ముఖాలకు ఫ్రేములు సరిచేసేవాడు, పొరబడే అవకాశం లేదు. ఏదో కలిసిపోయి ఉంటుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుని దాన్ని తీసేశాడు.

వాన పట్టిన ఒక మధ్యాహ్నం పని పూర్తయింది. భార్య డ్యూటీలో ఉంది. పాప పక్క గదిలో నిద్రపోతోంది. తలుపులన్నీ మూసిన గదిలో మబ్బు చీకటి, కంప్యూటర్ ఫ్యాన్ రొద, వేడెక్కిన దుమ్ము వాసన. కొత్త వీడియో పెట్టాడు. హాలు నిండా జనం, పూలు, భార్య పక్కన తను. అచ్చం తనే! సంతోషం పట్టలేకపోయాడు. ఇంకేమీ ఆలోచించకుండా పాత వీడియో చెరిపేశాడు.

కంప్యూటర్ ఫ్యాన్ ఆగిపోయింది. వీడియో ఆగలేదు...

చుట్టూ అందరూ నవ్వుతున్నారు. పెళ్లికొడుకు నవ్వడం లేదు. భార్య వైపు చూడటం లేదు. నేరుగా ఇటే చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి... మాట మాత్రం వినిపించడం లేదు.

వెనక చిన్న చిన్న అడుగుల చప్పుడు. పాప లేచి వచ్చింది. తనంతట తను ఎప్పుడూ ఎక్కనిది, కళ్లు నులుముకుంటూ వచ్చి అతని ఒళ్లోకి ఎక్కింది. రెండు చేతులతో బుగ్గలు పట్టుకుని ముఖంలోకి చూసింది.

"నాన్నా" అంది.

ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట. గుండె నిండాల్సింది. కానీ పాప ఇంకా స్క్రీన్ వైపు చూడనే లేదు. కొత్త వీడియో చూడకుండానే పిలిచింది.

అప్పుడు తల తిప్పింది. కాసేపు చూసింది. అతని చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగింది.

"నాన్నా... ఆ అంకుల్ ఎందుకు ఏడుస్తున్నాడు?"

కంప్యూటర్‌కు నేర్పడానికి తీసుకున్న వీడియోలో అతను ఎక్కడా ఏడవలేదు. పాపను ఎత్తుకుని బయటికి పరుగెత్తాలనుకున్నాడు. చేతులు లేవలేదు. కేక పెట్టాలనుకున్నాడు. నోరు తెరుచుకుంది...

"ఎవరోలే తల్లీ. పడుకో."

అతను అనాలనుకున్న మాట అది కాదు. ఆ గొంతు కూడా అతనిది కాదు.

పాప మాత్రం ఆ గొంతు రోజూ వీడియోలో వినేదే అయినట్టు, హాయిగా అతని భుజం మీద తల వాల్చింది.