పైపుల్లో పాచి

పొద్దున ఏడింటికల్లా సత్యవేణి వంటింటి గట్టు తుడిచి, ఇడ్లీ ప్లేట్లు కడిగి బోర్లించి, నువ్వుల నూనె గిన్నెను సన్న మంట మీద పెట్టింది. నూనె కాగకూడదు. వేలు ముంచితే వెచ్చగా తగలాలి, అంతే. సత్యవేణి ఇంటికి పోవాలంటే చెప్పులతో పాటు కాళ్ల దుమ్ము కూడా గడప బయటే వదిలిపోవాలని ఆ వీధి ఆడవాళ్లు నవ్వుకుంటారు. ఆమె తోమిన రాగి బిందెలో మొహం చూసుకొని బొట్టు పెట్టుకోవచ్చు.

"నూనె అయిందా?" లోపలి గదిలోంచి బాలరాజు కేకేశాడు. వెనకే దగ్గు తెర వచ్చింది.

"అయింది. మీ తొందర పాడుగాను, వస్తున్న."

బాలరాజు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ ముందు నిలబడి పనిచేసిన మనిషి. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టి కాలు ఆడిస్తే ఫలితం ఉంటుందని ఏఎస్ రావు నగర్‌లో ఫిజియోథెరపీ చేసే డాక్టరు చెప్పాడు. కొడుకు దుర్గేష్‌కు ఆ మాట చెవిలో ఉండిపోయింది. పోచారంలో తన ఆఫీసు దగ్గర ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ హాట్ టబ్ అమ్ముతుంటే కొని, ట్రాలీలో తెచ్చి, ఇంటి వెనక రేకుల కింద పెట్టించాడు. నలుగురు కూర్చునేంత పెద్ద తొట్టి అది. నీళ్లను తనే వేడి చేసుకుంటుంది. గోడలకున్న రంధ్రాల్లోంచి నీళ్లు జోరుగా చిమ్ముతాయి. అవే నీళ్లు లోపలి పైపుల్లో తిరిగి మళ్లీ వస్తాయి.

మంచం మీద మొద్దులా పడి ఉండే కాలు ఆ నీళ్లలో కదిలింది. మొదట బొటనవేలు, నెల తిరిగేసరికి పాదం. ఆ రోజు బాలరాజు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పటినుంచి నీళ్లలో దిగిన ప్రతిసారీ, తన కాలు తనకే కనబడనట్టు, సత్యవేణిని అడుగుతాడు.

"కదిలిందా?"

"కదిలింది."

ఈ రోజు కూడా ఆమె మెడ నుంచి అరికాళ్ల దాకా నూనె పట్టించింది. జనగామ వైపు ఆమె పుట్టింట్లో పసిగుడ్డుకైనా పండు ముసలికైనా నూనె అంటకుండా వేడినీళ్లు పోయరు. తుడవకుండా, కడగకుండా, ఒళ్లు జిడ్డు మెరుస్తుండగానే తొట్టి పక్కనున్న ఇనుప కమ్మీ పట్టించి మెల్లగా నీళ్లలోకి దింపింది.

"ఇయ్యాల దగ్గు జర ఎక్కువున్నది సత్యా."

"వేడి నీళ్లల్ల కూసున్నరు గదా, ఆవిరి పట్టినట్టయితది. తగ్గుతది."

నీటి అంచున తొట్టి చుట్టూ సన్నని జిగురు గీత పడి ఉంది. నిన్ననే తోమింది, మళ్లీ వచ్చింది. సత్యవేణి కొబ్బరి పీచుతో దాన్ని కసిగా రుద్దింది. తన చేతి కింద పాచి మిగలడం ఆమె ఎరగదు.

కోడలు త్రివేణి లంచ్ బాక్స్ సర్దుకుంటూ వెనక తలుపు దగ్గరికి వచ్చింది. టబ్ వచ్చిన మొదటి రోజే ఆ పిల్ల అన్నీ చదివి, ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది. రోజూ ఒక కొలత క్లోరిన్ వేయాలి. సబ్బుతో స్నానం చేశాకే దిగాలి. నూనె వద్దు. మూడు నెలలకోసారి నీళ్లన్నీ వదిలేసి పైపులు కడగాలి. ఆదివారం ఆదివారం నీళ్లలో పరీక్ష పట్టీ ముంచి రంగు చూసే పని తను పెట్టుకుంది. క్లోరిన్ వేసి, కాగితంలో టిక్కు పెట్టే పని అత్తగారికి ఇచ్చింది.

"నూనె పైపుల లోపల పేరుకుంటది అత్తమ్మా. దాని మీద పాచి పడతది," అని ఆ రోజు అంటే, "పాచా? నా ఇంట్లనా?" అని సత్యవేణి గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

"అత్తమ్మా, మందు వేస్తున్నరా?" అని ఇప్పుడు త్రివేణి అడిగింది. "మొన్న పట్టీ మీద రంగు రాలే."

"వేస్తున్న. ఫ్రిజ్ మీద సూడు, టిక్కులు లేవా?"

త్రివేణి ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. ఏదో అనబోయింది. వీధి చివర కంపెనీ బస్సు హారన్ కొట్టింది.

"సరే అత్తమ్మా," అని వెళ్లిపోయింది.

టిక్కులున్నాయి. రోజుకొకటి, నీలం ఇంకుతో, ఒకే వరసలో, ఒకే కొలతలో. క్లోరిన్ మాత్రం నెలన్నరగా ఆ నీళ్లలో పడలేదు. నెలన్నర కింద బాలరాజు తొడల మీద, వీపు మీద ఎర్రటి పొక్కులు లేచాయి. సత్యవేణి వాటిని చూసి, ఆ ఘాటు మందు ఒంటిని కాల్చేసిందనుకుంది. చెబితే కొడుకూ కోడలూ ఫోన్‌లో చదివి పాఠం మొదలుపెడతారు. అందుకే డబ్బాను తీసుకుపోయి పాత కూలర్ వెనక గోనెసంచి కింద పెట్టేసింది. బదులుగా వేపాకు మూట కట్టి నీళ్లలో వేసింది, గుప్పెడు పసుపు కలిపింది, ఒంటికి నూనె ఇంకొంచెం ఎక్కువ పట్టించింది. నీళ్లు మార్చే రోజు వస్తే, "ట్యాంకర్ కోసం వీధంతా కాసుకొని కూసున్న ఎండకాలంల వెయ్యి లీటర్లు మోరీల పోస్తమా?" అని అందరి నోరూ మూయించింది.

మూడో రోజుకు బాలరాజుకు చలిజ్వరం వచ్చింది. నాలుగో రోజు ఊపిరి అందలేదు. ఉప్పల్‌లో దవాఖానాలో చేర్చగానే ఐసీయూలోకి తీసుకుపోయారు. పెద్ద డాక్టరమ్మ బయటికి వచ్చి, ఇంట్లో కూలర్ ఉందా, వేడినీళ్ల తొట్టి లాంటిదేమైనా ఉందా అని అడిగింది. ఉందని విని తల పంకించింది. శుభ్రం లేని వెచ్చటి నీళ్లలో పెరిగే క్రిమి అది, ఆవిరితో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది అని చెప్పింది. ఒంటి మీది పొక్కులు కూడా మందు వల్ల వచ్చినవి కావు, ఆ నీళ్ల పనే అంది.

"ఆవిరి పట్టినట్టయితది" అన్న తన మాట సత్యవేణి చెవిలో మళ్లీ వినబడింది. ఆమె కుర్చీ చేతులు పట్టుకొని కూర్చుండిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం దుర్గేష్ బోడుప్పల్ నుంచి తిరుపతి అనే మనిషిని పిలిపించాడు. పెద్ద పెద్ద కాలనీల్లో ఈత కొలనులు శుభ్రం చేయడం అతని పని. తిరుపతి ముక్కుకు గుడ్డ కట్టుకొని, పైపుల్లో పేరుకున్నదాన్ని వదిలించే మందు నీళ్లలో పోసి మోటార్ ఆన్ చేశాడు. కాసేపు తెల్లటి నురగ వచ్చింది. తర్వాత గోధుమరంగు నురగ. ఆ తర్వాత రంధ్రాల్లోంచి నల్లగా, పచ్చగా, తడిసిన కాగితపు ముక్కల్లాంటి పొరలు తెట్టెలు తెట్టెలుగా ఊడి పడ్డాయి. వాసనకు త్రివేణి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అన్నా, దీనికంటే మా ఇంటి వెనక నాలా నయం," అన్నాడు తిరుపతి. మొహాలు చూసి నవ్వు ఆపుకున్నాడు. "అంచులు మాత్రం అద్దం లెక్క తోమిన్రు. గని అసలుది పైపుల లోపల ఉంటది. చెయ్యి పోదు, పీచు పోదు. మందు ఒక్కటే పోతది. ఈ నీళ్లల్ల మందు పడలే అన్నా."

"పడలే అంటవేంది? రోజూ వేసిన్రు," అని దుర్గేష్ ఫ్రిజ్ మీది కాగితం చింపి తెచ్చాడు. "సూడు. ఒక్క రోజు తప్పలే."

"అయితే మందే దొంగది అయ్యుంటది."

దుర్గేష్ భార్య వైపు తిరిగాడు. వారం రోజుల నిద్రలేమి, భయం అంతా ఆ చూపులోకి వచ్చింది.

"మందు తెప్పించింది నువ్వే గదా? ఆఫర్ల దొరికిందని మురిసిపోయినవ్. మీ బాపుకైతే గిట్లనే తెప్పిస్తుంటివా?"

"మా బాపు ఊసెందుకు?" అంది త్రివేణి. "అది మంచి మందే. పట్టీ మీద రంగు రాకుంటే నేను అడిగిన."

"ఎవలను అడిగినవ్? నాకైతే చెప్పలే."

త్రివేణి నోరు తెరిచింది. ఆమె చూపు వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తగారి మీద పడింది. నోరు మూసుకొని తల దించుకుంది.

ఊరుకుంటే సరిపోతుంది. దుర్గేష్ రెండు రోజులు అరుస్తాడు, త్రివేణి రెండు రోజులు ఏడుస్తుంది, తప్పు దొంగ మందు మీదికి పోతుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా తను నిలబెట్టుకున్న పేరు నిలబడే ఉంటుంది. సత్యవేణి ఇదంతా స్పష్టంగా ఆలోచించింది. ఆలోచించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. పాత కూలర్ దగ్గరికి నడిచి, గోనెసంచి తీసి, డబ్బా తెచ్చి కొడుకు ముందు నేల మీద పెట్టింది. పెట్టిన చప్పుడులోనే అది దాదాపు నిండుగానే ఉందని తెలిసింది.

"నేనే దాచిన," అంది. "మందు వల్లనే పొక్కులొచ్చినయనుకున్న. టిక్కులు ఊకెనే పెట్టిన. ఆ పిల్లను ఏమనకు."

తిరుపతి మోటార్ ఆపి, నీళ్లు తాగొస్తానని బయటికి పోయాడు.

"అమ్మా..." దుర్గేష్ డబ్బాను చేత్తో ఎత్తి చూశాడు. "నువ్వు సదువుకున్నదానివి. దీని మీద రాసి ఉన్నది సదవరాదా? బాపు ఊపిరి మిషిన్ మీద ఉన్నడమ్మా అక్కడ. నువ్వు... నువ్వే..."

ఆ మాట పూర్తి చేయలేదు. పూర్తి చేసి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. బైక్ తీసుకొని దవాఖానాకు వెళ్లిపోయాడు.

ఇద్దరాడవాళ్లూ మిగిలారు. తొట్టి అడుగు కన్నం తెరిస్తే నీళ్లు మోరీలోకి పోసాగాయి. వెయ్యి లీటర్లు. సత్యవేణి చీర దోపుకొని ఖాళీ అవుతున్న తొట్టిలోకి దిగింది. గోడ రంధ్రంలోకి చూపుడువేలు పెట్టి లోపలిదాకా తిప్పింది. వేలికి జారుడుగా, చల్లగా ఒక ముద్ద అంటుకొని వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కుళ్లు వాసన అడుగున, తను ప్రతి పొద్దునా వేలు ముంచి చూసే నువ్వుల నూనె వాసన. తన చేతి నూనె, తన చేతి పసుపు. రోజూ ఆయనకు అంత ప్రేమగా రాసిందంతా ఆ చీకటి గొట్టాల్లో చేరి కూర్చుంది. ఆమె తొట్టిలోనే కూలబడి భోరున ఏడ్చింది.

 ఓదార్చడానికి త్రివేణికి మనసొప్పలేదు. తర్వాత బ్రష్ తీసుకొని తనూ దిగింది.

"నాకు అనుమానమొచ్చింది అత్తమ్మా," అంది గోడ రుద్దుతూ, మొహం చూడకుండా. "ఒక్కసారి కాదు, నాలుగు ఆదివారాలు. పట్టీ తెల్లగనే ఉండె. మీతోని పంచాది ఎందుకని ఊకున్న. మీరు టిక్కులు సూడమంటే, మామయ్య సంగతి నాకేం పట్టనట్టు సరే అన్న. పట్టు పట్టి ఉంటే..."

"నువ్వు పట్టు పడితే నేను ఇంటుంటినా?"

"ఇనకపోతుంటిరి. గని నేను లొల్లన్న చెయ్యాల్సుండె."

ఇద్దరూ సాయంత్రం దాకా తోమారు. ఫిల్టర్లు మందు నీళ్లలో నానబెట్టారు. మళ్లీ నీళ్లు నింపి, మందు పోసి, పొరలు రావడం ఆగేదాకా పైపుల్లో తిప్పి వదిలేశారు. ఆ పూట ఆ ఇంట్లో అన్నం వండింది త్రివేణి, వడ్డించింది సత్యవేణి.

ఇరవై రెండు రోజులకు బాలరాజు ఇంటికి వచ్చాడు. ముక్కుకు గొట్టం, మంచం పక్కన గుర్రుమనే ఆక్సిజన్ మిషన్. ఊపిరితిత్తులు సగం గట్టిపడిపోయాయి, ఇవి మళ్లీ మామూలు కావు అని డాక్టరమ్మ చెప్పింది. తొట్టి మాట ఇక మరిచిపోవాలంది. వెనక రేకుల కింద తొట్టి ఇప్పుడు రాగి బిందెకంటే తళతళలాడుతోంది. దిగే మనిషి లేడు. దుర్గేష్ తల్లితో మందుల పేర్లు, టైములు తప్ప ఇంకేమీ మాట్లాడడం లేదు.

భర్తకు జరిగిందంతా సత్యవేణే చెప్పింది, మంచం పక్కన కూర్చొని, ఒక్క ముక్క దాచకుండా. ఆయన కప్పు వైపు చూస్తూ విన్నాడు. 

శనివారం పొద్దున ఏడింటికి సన్న గొంతుతో పిలిచాడు.

"నూనె అయిందా?"

సత్యవేణి గుమ్మంలో ఆగిపోయింది. గిన్నె తెచ్చింది గానీ మంచం పక్కన కూర్చున్నాక చెయ్యి ముందుకు పోలేదు.

"తెచ్చి ఊకెనే కూసుంటివేంది? రాయవా?"

ఎడమ కాలికి మెల్లగా రాసింది. కండ కరిగిపోయి కాలు కట్టెపుల్లలా ఉంది. త్రివేణి చిన్న టబ్బులో అప్పుడే కాచిన నీళ్లు తెచ్చి మంచం పక్కన పెట్టింది. ముందు సబ్బుతో నూనె కడిగింది, ఆ తర్వాతే ఇద్దరూ కలిసి పాదాన్ని నీళ్లలో ఉంచారు. బాలరాజు కళ్లు మూసుకొని, ఉన్న ఊపిరంతా బిగబట్టాడు. నుదుటి మీద నరం ఉబ్బింది.

"కదిలిందా?"

నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. కదిలిందనడం ఎంత సులువో సత్యవేణికి తెలుసు. రోజుకొక టిక్కు పెట్టినంత సులువు. త్రివేణి టవల్ పట్టుకొని ఆమెవైపే చూస్తోంది.

"లేదు," అంది సత్యవేణి. "కదల్లే."

బాలరాజు కంటి కొస నుంచి నీళ్లు చెవిలోకి జారాయి.  ఆయన చెయ్యి దుప్పటి మీద తడుముకుంటూ వచ్చి, నూనె అంటిన ఆమె చేతిని పట్టుకుంది.

"సరే," అన్నాడు. "కుడి కాలుకు గూడ రాయి. నూనె సల్లారుతది."