6.43 నాటి రక్తపు చుక్క

ఉదయం 9.40కి దొరగారు వంటగది గచ్చు మీద కుప్పకూలాడు. కాళ్ళు కొట్టుకున్నాయి. నోట్లోంచి చొంగ కారింది.

దొరగారు తొమ్మిదేళ్ళ పిల్లి. ఠీవి చూసి పెట్టిన పేరు. ఎనిమిది నెలలుగా సుగర్ రోగి.

10.15కి పోలీసు ఇన్‌స్పెక్టర్ అయిన అక్క తమ్ముడి ఇంట్లో అడుగుపెట్టింది. తమ్ముడు ఫోన్లో చెప్పిన మాట ఒక్కటే. "అక్కా, నా పెళ్ళాం దొరగార్ని చంపేసింది."

చావలేదు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతోంది. సుగర్ బాగా పడిపోయిందనీ, బతికేదీ లేనిదీ మధ్యాహ్నానికి గాని చెప్పలేననీ అన్నాడు పశువుల డాక్టరు. హాల్లో మరదలి సూట్‌కేసు సిద్ధంగా ఉంది.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇన్‌స్పెక్టర్ ఎందరినో ప్రశ్నించింది. సొంతవాళ్ళని నిలబెట్టి అడగడం ఇదే మొదలు. ఆమెకు మనసేమీ బాగాలేదు.

వంటగదిలోనే విచారణ మొదలైంది. ముందుగదిలో తండ్రి కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. ఆయన దర్జీ. నెమ్మదిగా వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"రక్తం ఎవరు తీస్తారు?"

"నేనే వదినా. పొద్దున్నే చెవి అంచున గుచ్చి మీటరుతో చూస్తాను. ఆ తర్వాత స్నానానికి పోతాను. ఏడింటికి ఆయన లేచి ఇంజెక్షన్ చేస్తారు."

"అంకె ఎక్కడ రాస్తావు?"

"రాయను. మీటరే గుర్తుపెట్టుకుంటుందిగా. ఆయన బటన్ నొక్కి చివరి అంకె చూసుకుంటారు."

ఫ్రిజ్ తలుపు మీద డాక్టరిచ్చిన కాగితం అంటించి ఉంది. నూట యాభై లోపుంటే ఇన్సులిన్ వద్దు. మూడు వందలు దాటితే రెండు యూనిట్లు.

"ఇవాళ ఎంతుంది?"

"నూట పద్దెనిమిది," అంది మరదలు.

"పచ్చి అబద్ధం," అన్నాడు తమ్ముడు. "మూడు వందల నలభై రెండు. చూసే రెండు యూనిట్లు వేశాను. దీనికి మొదట్నుంచీ పిల్లంటే పడదక్కా. స్ట్రిప్ మీద చక్కెర నీళ్ళు వేసినా అంకె పెరుగుతుంది."

"పడకపోతే ఇందాక చిగుళ్ళకి తేనె రాసిందెవరు? మీరు గుడ్లప్పగించి నిలబడ్డారు." అంది మరదలు.

ఇన్‌స్పెక్టర్ మీటరు అందుకుంది. ఒకసారి నొక్కింది. 342. టైం 6.43.

తమ్ముడు నొక్కింది అంతవరకే. ఆమె ఇంకోసారి నొక్కింది. 118. టైం 6.31.

"ఇద్దరూ నిజమే చెప్పారు. పన్నెండు నిమిషాల్లో సుగర్ ఇంత పెరగదు. రెండోది పిల్లి రక్తం కాదు. 6.43కి ఎక్కడున్నావు?"

"స్నానాల గదిలో వదినా."

"నువ్వు?"

"పడుకునే ఉన్నాను. ఏడింటికి అలారం," తమ్ముడు గొణిగాడు.

ఆమె చెత్తబుట్టను పాత పేపరు మీద బోర్లించింది. నెత్తురంటిన దూది ముక్కలు రెండున్నాయి. ఒకదానికి బూడిదరంగు వెంట్రుకలు. రెండోదానికి వెంట్రుక లేదు. నీలం దారప్పోగు ఉంది.

ముందుగదిలో మిషను మీద సగం కుట్టిన చొక్కా రంగు ఆమెకు గుర్తొచ్చింది. ఈ కేసు ఇక్కడితో వదిలేస్తే బాగుండుననిపించింది.

"నాన్నా, చెయ్యి చూపించు."

"దర్జీ చేతికి సూది గాట్లు లేకపోతే ఎలాగమ్మా?" నవ్వబోయాడాయన.

"సూది చూపుడువేలికి దిగుతుంది. బొటనవేలికి దిగుతుంది. ఉంగరపు వేలి పక్కన వరసగా నాలుగు గాట్లు పడవు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. 

"ఇవాళ లేవగానే కళ్ళు తిరిగాయి. దొరగారి మీటరు ఉందిగా, గుట్టుగా చూసుకుందామనుకున్నాను. నాలుగుసార్లు గుచ్చితే గాని చుక్క రాలేదు. వాడు చివరి అంకె చూసి మందేస్తాడని తట్టలేదు."

"మాతో చెబితే ఏం?"

"సుగర్‌తోనే మా అన్నకి కాలు తీసేశారు. చెబితే ముందు నా మిషను మూలపెడతారు."

"కోడల్ని అన్ని మాటలంటుంటే వింటూ ఎలా నిలబడ్డావు నాన్నా?"

"భయమేసింది." ఆయన కోడలి వైపు చూడలేకపోయాడు.

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది. ఇంకా అడిగేదే. అప్పుడు ఆయన పాదాల మీద చూపు పడింది. ఎడమ కాలికి ఏమీ లేదు. కుడి కాలికి మేజోడు ఉంది.

"అది తీయి."

ఆయన తీయలేదు. ఆమే వంగి లాగింది. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు. అంచులు నల్లబడ్డాయి.

"మిషను తొక్కీ తొక్కీ ఒరుసుకుందంతే. బొత్తిగా నొప్పే లేదమ్మా."

నొప్పి లేదన్న మాటే ఆమెను భయపెట్టింది. సుగర్ ముదిరితే కాళ్ళకి స్పర్శ పోతుంది.

11.20కి ఫోన్ మోగింది. పశువుల డాక్టరు. దొరగారు తల ఎత్తాడట. సెలైన్ సరిచేయబోతే కాంపౌండరుని గీరాడట. ఎవరూ నవ్వలేదు.

తమ్ముడు భార్యకేసి తిరిగాడు. "నేను..."

మరదలు వినిపించుకోలేదు. హాల్లోకి వెళ్ళి సూట్‌కేసు తెరిచింది. మడతపెట్టిన బట్టల్లోంచి ఉతికిన తెల్ల తువ్వాలు తీసింది. మామగారి ముందు కింద కూర్చుని, పుండు ఒత్తుకోకుండా పాదానికి చుట్టింది.

"అమ్మా, నా వల్ల నువ్వు..." అన్నాడాయన.

"కాలు కదపకండి మావయ్యా." తర్వాత తలెత్తకుండానే భర్తతో అంది. "నాకు చెప్పాల్సింది దారిలో చెబుదురుగాని. ముందు బండి తీయండి."