సబ్బు కాగితం మీది బొమ్మ

కోడలు స్నానానికి వెళ్లిన కాసేపటికి వంటగది బల్ల మీద ఆమె ఫోను మోగింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు తువ్వాలుకు చేయి తుడుచుకుని ఎత్తింది. అవతల ప్రెస్సు ఫోర్‌మన్.

"మేడమ్, సబ్బుకు చుట్టే కాగితం మిషనెక్కించాం. ఆడమనిషి బొమ్మ తీసేసిన చోట ఆకుపచ్చ మరీ వెలవెలబోతోంది. మీరొచ్చి చూసి సరేనంటే మొత్తం కొట్టేస్తాం."

"చెప్తానయ్యా," అని ఆవిడ ఫోను పెట్టేసింది. మళ్లీ పనందుకుంది గానీ కాయల గిన్నెలో ఈనెలు, ఈనెల గిన్నెలో కాయలు పడుతున్నాయి.

ఆ ఆడమనిషి ఆవిడే. చనిపోయిన ఆవిడ భర్త ఆ సబ్బుల కంపెనీలో బొమ్మలు గీసేవారు. పెళ్లయిన కొత్తలో భార్యను కిటికీ పక్కన కూర్చోబెట్టి గీసిన ముఖం అప్పటినుంచీ ఆ కాగితం మీదే ఉంది. వీధిలో అందరూ ఆవిడను సబ్బులమ్మ అనేవాళ్లు. ఈమధ్య కంపెనీ చేతులు మారింది. లోగో, రంగులు, అక్షరాలు అన్నీ కొత్తగా కావాలని, ఆ పని గ్రాఫిక్ డిజైనరైన కోడలికే అప్పగించారు.

ఆమె తల తుడుచుకుంటూ వచ్చేసరికి భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తల్లి అతనికి సంగతి చెప్పేసింది.

"అమ్మ బొమ్మ తీసేశావా?"

కోడలు అత్తగారి వంక చూసింది. ఆవిడ తలెత్తలేదు.

"వాళ్లు తీసేయమన్నారు. బొమ్మ ఉంచి రకరకాలుగా చేసి చూపించాను. పాతకాలం వాసన కొడుతోందన్నారు."

"కుదరదని చెప్పాల్సింది."

"చెప్తే ఇంకొకరి చేత చేయించేవాళ్లు. నేను కాబట్టి ఆ పాత ఆకుపచ్చయినా మిగిల్చాను."

"మా ఇంట్లో కూర్చుని మా అమ్మని చెరిపేసి, పైగా రంగు మిగిల్చానంటావా? నాన్నే ఉంటే..."

"మీ నాన్నా చెరిపారురా," అంది తల్లి.

ఇద్దరూ ఆవిడ వంక చూశారు.

"మొదటిసారి అచ్చేసినప్పుడే చెంప మీది పుట్టుమచ్చ తీసేయమన్నారు. తీశారు. తర్వాత ముక్కు సన్నం చేయమన్నారు. ఇంకోసారి ముఖం తెల్లగా చేయమన్నారు. చివరికి నావంటూ మిగిలినవి ఆ చెవులే. ఎవరైనా సబ్బులమ్మా అని పిలిస్తే నవ్వొచ్చేది. ఇంటికొచ్చి అద్దం చూసుకుంటే ఏడుపొచ్చేది."

ఆవిడ కోడలి వైపు తిరిగింది.

"కానీ ప్రతిసారీ ఆయన ముందు నా దగ్గరకొచ్చి కూర్చునేవారు. 'ఇవాళ నీ ముక్కు కోయమంటున్నారే, ఏం చెయ్యను' అనేవారు. సరేననేదాన్ని. అనక ఏం చేస్తాను? అయినా నన్నడిగారు. నువ్వు ఇన్నాళ్లూ ఈ బల్ల దగ్గరే, నా ఎదురుగానే కూర్చుని పని చేశావు. ఒక్కమాట చెప్పలేకపోయావా తల్లీ?"

కోడలు కుర్చీలో కూలబడింది.

"చెప్తే మీరు సరేనంటారని తెలుసత్తయ్యా. అందుకే చెప్పలేకపోయాను."

అత్తగారు లేచి చేతులు కడుక్కుంది.

"పద, ప్రెస్సు నుంచి నీకు ఫోనొచ్చింది, ఆ ఫోర్‌మన్ ఎదురుచూస్తుంటాడు. నేనూ వస్తాను."

ప్రెస్సంతా సిరా వాసన ఘాటుగా ఉంది. ఫోర్‌మన్ పెద్ద కాగితం తెచ్చి లైటు కింద పరిచాడు. వరసల కొద్దీ సబ్బు కాగితాలు, వాటి మీద కొత్త అక్షరాలు. ఎక్కడా మనిషి లేదు. కోడలు పసుపు కాస్త పెంచమంది. రెండోసారి తెచ్చింది బాగుంది. బాగుందని ఆమెకూ తెలుసు. అదే భరించలేకపోయింది.

ఫోర్‌మన్ సంతకానికి పెన్ను అందించాడు. ఆమె చేయి కదల్లేదు.

"రంగు బాగా కుదిరింది," అంది అత్తగారు కాగితం అంచు నిమురుతూ. "పెట్టవే. పాపం, మిషను ఆపుకుని నిలబడ్డాడు."

కోడలు సంతకం పెట్టింది. మిషను మళ్లీ అందుకుంది. ఆ హోరులో ఆమె అత్తగారి భుజం మీద వాలిపోయి ఏడ్చింది. ఆవిడ ఏదో అంటోంది గానీ వినబడలేదు. వీపు నిమిరే చేయి మాత్రం ఆగలేదు. అవతలి చివర కాగితాలు ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉన్నాయి.