విశాఖకు మూడు టికెట్లు

"మూడోసారా?" హిమబిందు కంప్యూటర్ మీదినుంచి తలెత్తింది. "బుక్ చేసేది, క్యాన్సిల్ చేసేది. మీకు ఆటగా ఉండాదా సార్?"

ఎదురుగా కూర్చున్న వేణుగోపాల్ కర్చీఫ్‌తో నుదురు తుడుచుకున్నాడు. కోయిలకుంట్లలో బట్టల కొట్టు అతనిది. విశాఖపట్నంలో చెల్లెలు శ్రీవాసవికి పాప పుట్టింది. అమ్మ సుందరలక్ష్మికి మోకాళ్ళ నొప్పులు, రాత్రంతా రైల్లో కూర్చోలేదు. ఓర్వకల్లులో విమానం ఎక్కితే సులువని ఇద్దరికీ టికెట్లు తీసుకుంటాడు. తేదీ దగ్గర పడగానే కర్నూలులోని ఈ ట్రావెల్స్ ఆఫీసుకు వచ్చి వద్దంటాడు.

"కొట్లో పని శానా ఉండాది" అన్నాడు.

"ఫోన్లో చెప్పినా క్యాన్సిల్ అవుతుంది. దానికోసం బస్సెక్కి రావాల్నా? నన్ను చూడ్డానికే వస్తాండారని మా ఆఫీసులో నవ్వుతాండారు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. బయట వాన మొదలై, వేడెక్కిన రోడ్డు మీద మట్టివాసన లేచింది.

"అదీ కొంచెం నిజమే" అన్నాడు వాననే చూస్తూ. "కానీ అసలు సంగతి వేరే. నాకు విమానమంటే భయం. అమ్మతో చెప్పుకోలేను. మనవరాలిని చూపించే తీరిక కూడా కొడుక్కి లేదని ఆమె బాధపడతాంది."

హిమబిందు తిట్టడానికి సిద్ధంగా ఉంచుకున్న మాటలన్నీ మింగేసింది.

"మొదటిసారి ఎక్కినప్పుడు నేనూ ఏడ్చినా" అంది మెల్లగా. "ఈ పనిలోకి రాకముందు నంద్యాల దాటలేదు. ఇప్పుడు గోవా చూసినా, సిక్కిం చూసినా. మేం చూస్తేనే కదా మీకు చెప్పేది, అందుకని హోటళ్ళవాళ్ళే పిలిచి తిప్పుతారు. అదొక్కటే కాదు. మొన్న కోడుమూరు నుంచి గురమ్మ అని ఒకామె వచ్చింది. నేనే కాశీకి పంపించినా. గంగనీళ్ళ చెంబు నా టేబుల్ మీద పెట్టి, 'నన్ను గంగలో ముంచింది నువ్వే పాపా' అనింది. మా పనిలో జనాన్ని ముంచినా దీవిస్తారు."

వేణుగోపాల్ పకపకా నవ్వాడు. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో వచ్చిన వెలుగు చూస్తూ ఉండిపోయాడు. ఏ చీర అమ్మినప్పుడూ తనకంత సంతోషం కలగలేదు.

"విశాఖ హోటళ్ళు చూసి పొమ్మని నాకూ పిలుపొచ్చింది" అంది హిమబిందు. "ముగ్గురం ఒకే విమానంలో పోదాం. ఈసారి క్యాన్సిల్ చేస్తే మాత్రం మీ అమ్మకు నేనే చెప్తా."

తర్వాతి వారమే ప్రయాణం. కిటికీ దగ్గర సుందరలక్ష్మి, మధ్యలో వేణుగోపాల్, ఇవతల హిమబిందు కూర్చున్నారు. విమానం పరుగు అందుకోగానే అతను కళ్ళు మూసుకుని, చేతికందిన చేతిని పట్టుకున్నాడు. అది హిమబిందు చెయ్యి. ఆమె వెనక్కి తీసుకోలేదు.

"కళ్ళు తెరవండి" అంది, విమానం పైకి లేచాక, అతని చెవి దగ్గర. "కింద చూడండి, బండరాళ్ళన్నీ గులకరాళ్ళలాగ ఉండాయి."

అతను తెరిచాడు. కానీ కిందికి చూడలేదు. ఆమెనే చూశాడు.

"ఇంక టికెట్ పేరు చెప్పి రాను" అన్నాడు. "నీకోసమే వస్తా. రావచ్చునా?"

"రాకుంటే మా ఆఫీసువాళ్ళు ఊరుకోరు" అందామె, నవ్వు ఆపుకుంటూ.

మబ్బులు చూస్తోందనుకున్న సుందరలక్ష్మి ఇటు తిరిగింది. ఇద్దరూ చేతులు విడిపించుకునేలోపే చూసేసింది.

"పాపా" అంది నిదానంగా. "మా ఇంటికి కోడలుగా వస్తే ఈ పని మానేస్తావా?"

అబద్ధం చెబితే సులువే. కానీ హిమబిందుకు నోరు రాలేదు.

"మాననమ్మా. ఇదంటే నాకు ప్రాణం."

"మానొద్దు. నాకు కాశ్మీరు చూడాలని ఎప్పట్నుంచో ఉండాది. కొట్టు వదిలి తీసుకుపోయే మొగోళ్ళు మా ఇంట్లో లేరు."

"జనవరిలో పోదాం. మంచు బాగా కురుస్తుంది అత్తమ్మా" అనేసి, నోట్లోంచి జారిన ఆ పిలుపుకు హిమబిందు నాలుక కరుచుకుంది.